ఎక్కడ బిగించారండి?

మొన్న మా తోటికోడలి కాన్పుకని ఆస్పత్రికి వెళ్ళాను. నర్సు పసిబిడ్డ చేతికి ప్లాస్టిక్ పట్టీ కడుతూ దాని మీది అక్షరాలనీ అంకెలనీ ఒక్కొక్కటే పైకి చదివింది. తర్వాత తల్లి చేతి పట్టీ కూడా అలాగే చదివింది. రెండూ ఒకటేనని మా తోటికోడలి చేత అనిపించాక గానీ బిడ్డను ఒళ్ళో పెట్టలేదు. చుట్టూ అందరూ ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని వాదులాడుకుంటున్నారు. నాకు మాత్రం మా షోరూములో పనిచేసిన ఒకాయన గుర్తొచ్చారు. ఆయనే ఉంటే తలుపు దగ్గర నిలబడి, మెడ ముందుకు సాచి, "ఎక్కడ బిగించారండి ఈ బండిని?" అని అడిగి ఉండేవారు.

ఆయన ఎవర్నీ మీదే ఊరని అడగగా నేను వినలేదు. కొత్తగా చేరిన వెల్డర్ని, టీ తెచ్చే మలబారు ఆయన్ని, చివరికి ఆఫీసుకొచ్చిన కస్టమర్లని కూడా "ఎక్కడ బిగించారు?" అనే అడిగేవారు. నేను దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో ఆ పాతకార్ల షోరూములో కాగితాలు చూసే ఉద్యోగంలో చేరిన రోజున నన్నూ అదే అడిగారు. నాకు ఒళ్ళు మండింది. ఇదేం మాటన్నా, నేనేమన్నా స్కూటర్‌నా అన్నాను.

"కోపం వద్దు చెల్లెమ్మా. పుట్టింది ఏ ఆస్పత్రో చెప్పండి చాలు."

చెప్పాను. చదువు ఎక్కడంటే అదీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు లెక్క కట్టినట్టు నటించి, "అయితే తమరు వరంగల్ బాడీ, హైదరాబాద్ ఇంజను, దుబాయ్ పెయింటు. ఆయ్, బండి మంచిదే. హారన్ కాస్త ఎక్కువ" అన్నారు. ఆ రోజు నుంచీ షోరూములో నా పేరు హారన్ అయిపోయింది.

ఆయన పని ఏమిటో చెప్పాలి. మేము తెప్పించే పాత అమెరికన్ కార్లకు ఇంజను వెనకాల ఉండే ఇనుప గోడ మీద చిన్న రేకు ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని బాడీ ట్యాగు అంటారు. ఏ రంగు వేశారు, సీట్లకు ఏ గుడ్డ వేశారు అన్న సంగతులతోపాటు, ఏ ఊరి ఫ్యాక్టరీలో బిగించారో చెప్పే అక్షరాలు దాని మీద గుద్ది ఉంటాయి. మా దగ్గరకు ఎక్కువగా వచ్చే రకంలో ఎన్, ఓ, ఆర్ అని ఉంటే అది ఒహాయోలోని నార్‌వుడ్. ఎల్, ఓ, ఎస్ అని ఉంటే కాలిఫోర్నియాలోని వాన్ నైస్. డ్యాష్‌బోర్డు మీది బండి నంబర్లో కూడా ఆ ఊరికి ఒక అక్షరం ఉంటుంది. రెండు చోట్లా ఊరు కలిస్తే కొనేవాళ్ళు నమ్ముతారు. కలవకపోతే ఎక్కడెక్కడి ముక్కలో అతికించిన బండి అని మొహం తిప్పుకుని వెళ్ళిపోతారు.

ఈ అర్థాలన్నీ ఇంటర్నెట్లో దొరికేవే. ఫోనున్న ఎవరైనా చదవచ్చు. చిక్కల్లా రేకు మీద ఏముందో కనబడకపోవడంలో ఉంది. ఎన్నేళ్ళ పెయింటో పొరలుగా పడి ఎన్‌కీ ఎల్‌కీ తేడా తెలియకుండా పోతుంది. గీకితే రేకు పాడవుతుంది. అక్కడే ఈయన అవసరం పడేది. పల్చటి కాగితం ఒకటి రేకు మీద అదిమిపెట్టి, మెత్తటి పెన్సిల్ని ఏటవాలుగా పట్టుకుని మెల్లగా రుద్దేవారు. మసి మధ్యలోంచి తెల్లగా అక్షరాలు పైకొచ్చేవి. ఈ విద్య అమెరికాది కాదు, రాజమండ్రిది. అక్కడ ఆర్టీఓ ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపు పక్కన టేబుల్ వేసుకుని లారీలకూ ఆటోలకూ ఛాసిస్ ప్రింట్లు తీసిన ఏజెంటు ఆయన. "రేకు కదపకుండా తీసేదే ప్రింటు. ఊడదీసి చదివేది పోస్టుమార్టం" అనేవారు.

ఊళ్ళో సగం మందికి లైసెన్సులు ఇప్పించిన ఆ మనిషి దుబాయ్‌లో డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ ఫెయిలయ్యేవారు. ఇంకో తమాషా ఏమిటంటే, బండి ఏ ఊళ్ళో తయారైందో రేకు తడిమి చెప్పే ఆయనకు మా షోరూము నుంచి బస్టాపుకి దారి ఎప్పుడూ గుర్తుండేది కాదు. గోడౌన్ల సందుల్లో తప్పిపోయి నాకు ఫోన్ చేసేవారు. "చెల్లెమ్మా, ఇక్కడ నీలం గేటు ఉందండి." అల్ ఖూజ్‌లో ఏ సందుకెళ్ళినా నీలం గేటే. నేను తిట్టుకుంటూ వెళ్ళి తీసుకొచ్చేదాన్ని. దారంతా వాన్ నైస్ ఫ్యాక్టరీ గురించి చెప్పేవారు. ఆ ఫ్యాక్టరీలు రెండూ మూతపడి చాలా కాలమైంది. "అక్కడిప్పుడు గోడ కూడా లేదంటండి. ఎవరో చేత్తో బిగించారు కదా, ఆ మనిషికి మిగిలిందల్లా ఈ రేకే" అంటూ, ఎన్నడూ చూడని ఊళ్ళో ఎన్నడూ ఎరగని మనుషుల మీద జాలిపడేవారు.

అణకువ అన్నది ఆయనకు బొత్తిగా లేదు. తెల్ల చొక్కా, నల్లగా రంగేసిన జుట్టు, మెడకు పౌడరు. రేకు దగ్గరకు వంగే ముందు జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకునేవారు. రేకును సెంటు అద్దిన రుమాలుతో తుడిచేవారు. బండి అప్పగించే రోజున కొన్నవాళ్ళ ఎదురుగా ట్యాగు పైకి చదవడం మా షోరూములో ఆనవాయితీగా మారింది. అది ఆయన పెట్టిన ఆనవాయితీయే. ఊరి పేరు చదివి ఒక్క క్షణం ఆగి, డ్యాష్‌బోర్డు వైపు తిరిగి అక్కడి అక్షరం చూసి, "కలిసింది" అనేవారు. అరబ్బులైనా, ఫిలిప్పీన్స్ వాళ్ళైనా సరే, తెలుగులోనే అనేవారు. ఆ తర్వాత చుట్టూ ఒకసారి చూసేవారు, చప్పట్లు కొడతారేమోనని. పాపం, కొందరు కొట్టేవారు కూడా.

ఇంత డాబూ ఇంటి గుమ్మం దాటేదాకానే. వాళ్ళావిడ ప్రసూతి వార్డులో నర్సు. ఆవిడ వీసా మీదే ఈయన దుబాయ్ వచ్చారు. ఇక్కడ వీసా ఇచ్చే యజమానిని కఫీల్ అంటారు. "అందరికీ కఫీల్ ఆఫీసులో ఉంటాడు, నాకు వంటింట్లో ఉందండి" అని నవ్వించేవారు. ఆవిడ మాత్రం నవ్వే రకం కాదు. పుట్టిన బిడ్డ చేతికి పట్టీ కట్టడం ఆవిడ పని. ఒక్క అక్షరం తేడా వస్తే ఎవరి బిడ్డ ఎవరింటికి పోతుందో అన్న భయం ఆవిడ నిద్రలో కూడా వదిలేది కాదని ఆయనే చెప్పారు. మొగుడి పనిని ఆవిడ తుప్పు పురాణం అనేది. ఆయనేమో, "మా ఆవిడ పిల్లలకు కట్టేదీ ట్యాగే, నేను చదివేదీ ట్యాగే. ఒకటే డిపార్టుమెంటండి" అని ఆశగా ఆవిడ వైపు చూసేవారు. ఆవిడ ఒప్పుకునేది కాదు.

ఒక్కసారి ఒప్పుకుంది. ఖుసైస్‌లోని వాళ్ళ ఫ్లాటులో క్రిస్మస్ భోజనం. వార్డులో పనిచేసే మన కోస్తా నర్సులు చాలామంది వచ్చారు. మా ఆయనా నేనూ వెళ్ళాం. రొయ్యల ఇగురు వడ్డిస్తూ ఆవిడ అందరి ముందూ అంది: "ఈయన చేసేది పనికిమాలిన పనే గానీ, తప్పు మాత్రం చెయ్యడమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా తప్పు చదవలేదు. ఆ విషయంలో మాత్రం నా మొగుడే." ఆయన మొహం చూడాలి అప్పుడు. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మర్నాడు షోరూములో నాతో ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. "సరిగ్గా ఏమన్నదండీ? నా మొగుడే అందా, మా ఆయనే అందా?"

ఆయనకున్న ఆస్తి ఆ మాటే. అందుకే ఆ తర్వాతి చలికాలం జరిగింది చెప్పాలి.

మా దగ్గరకు ఒకే రకం, ఒకే ఏడాది బళ్ళు రెండు వచ్చాయి. తెల్లది కాలిఫోర్నియాలో బిగించింది, ఆకుపచ్చది ఒహాయోలో బిగించింది. వచ్చినప్పుడే ఈయన రెండింటికీ ప్రింట్లు తీసి చదివారు. పెయింటు పని సాయిలు అనే కుర్రపెయింటరుకిచ్చారు. (అతని అసలు పేరు వేరు.) జగిత్యాల వైపు మనిషి. కరోనా మూసివేతల్లో కంపెనీ ఎత్తేస్తే అబుదాబి దగ్గర మఫ్రఖ్ కూలీల క్యాంపులో పని లేకుండా నెలల తరబడి కూర్చుని, చివరికి మా దగ్గర వీసా దొరికి బతికిపోయాననుకున్నాడు. ఈయన దగ్గర వాడికి భయం, భక్తి రెండూ ఎక్కువే.

తెల్లబండిని కొన్నాయన రాస్ అల్ ఖైమాలో ఉండే పెద్దాయన, ఈ దేశపు అరబ్బే. వయసులో కాలిఫోర్నియాలో చదువుకున్నారట. అప్పటి తన బండి లాంటిదే కావాలని, అక్కడ బిగించిందే కావాలని చాలాకాలం వెతికారు. అప్పగింత రోజున మనవరాలిని కూడా వెంట తెచ్చుకున్నారు. మా ముదీర్, అంటే మేనేజరు, కేరళ ఆయన, కొత్త టై కట్టుకొచ్చాడు. ఈయన దువ్వెన తీశారు, దువ్వుకున్నారు, రుమాలుతో రేకు తుడిచి వంగారు.

ఊరు చదవలేదు.

బొటనవేలితో రేకును మళ్ళీ తడిమారు. నేను ఆయన వెనకే నిలబడి చూశాను. ఎన్, ఓ, ఆర్. కాలిఫోర్నియా బండి మీద ఒహాయో రేకు. ఆయన మెల్లగా తలెత్తి పక్కనున్న ఆకుపచ్చ బండి వైపు చూశారు. తర్వాత దాని అవతల పాలిష్ గుడ్డ పట్టుకుని నిలబడ్డ సాయిలు వైపు చూశారు. వాడి మొహం పాలిపోయింది. రేకు వెనకాల కూడా నున్నగా పెయింటు పడాలని రెండూ ఊడదీసి, తిరిగి బిగించేటప్పుడు వాడే మార్చేశాడని నాకు అక్కడికక్కడే అర్థమైంది. ట్యాగు మీద చెయ్యి వేసినవాడికి ఆ రోజే ఊరికి టికెట్ అన్నది ముదీర్ పెట్టిన రూలు. సాయిలు ఆ రూలు సంగతి వినే ఉంటాడు, గీతలు పడకుండా చూసుకోమనడం అనుకుని ఉంటాడు.

ఆ పెద్దాయనకు దగ్గరివి కనబడవు, కళ్ళజోడు మనవరాలి చేతిలో ఉంది. ఈయన ఉన్నది వదిలేసి ఎల్, ఓ, ఎస్ అని చదివేసి, సాయంత్రం గుట్టుగా మార్పించేస్తే ఎవరికీ తెలిసేది కాదు. నేను లోపల అదే కోరుకున్నాను. కానీ తప్పు చదవడం ఆయన చేత కాలేదు. తప్పు చేశానని చెప్పడం మాత్రం చేతనయింది.

నడుం నిటారుగా చేసుకుని, ప్రింటు కోసం రెండు రేకులూ తనే ఊడదీశానని, తిరిగి బిగించేటప్పుడు మారిపోయాయని ముదీర్‌తో హిందీలో అన్నారు: "గల్తీ మేరా హై సాబ్. ప్రింట్ కే లియే దోనో ట్యాగ్ మైనే నికాలా. వాపస్ లగాతే వఖత్ బదల్ గయా."

రేకుని ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి ఇలా అంటే ముదీర్ నమ్మలేకపోయాడు. "ఆప్‌నే? ఆప్ తో కిసీకో హాథ్ భీ నహీ లగానే దేతే!"

"బుడ్ఢా హో గయా సాబ్."

తెల్లవెంట్రుక ఒక్కటి కనబడితే ఆ రోజంతా మూడ్ పాడుచేసుకునే మనిషి ముసలాణ్ణయిపోయానని అన్నారు. ముదీర్ అందరి ముందూ ఆయన్ని ఎన్ని మాటలనాలో అన్నీ అన్నాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని విన్నారు. రాస్ అల్ ఖైమా పెద్దాయనే మధ్యలో కలగజేసుకుని, "ఖలాస్, ఖలాస్. నేను తీసుకెళ్ళక ముందే చెప్పాడుగా" అని సర్దిచెప్పారు. రేకులు సరిచేశాక ఇంకో రోజు వచ్చి బండి తీసుకెళ్ళారు కూడా. కానీ ఆ కబురు అల్ ఖూజ్ సందులన్నీ తిరిగింది. ట్యాగుల డాక్టరు అని పిలిచినవాళ్ళే ట్యాగులు మార్చినాయన అనడం మొదలుపెట్టారు. ముదీర్ ఇక ఆయన్ని రేకుల దగ్గరికి రానివ్వలేదు. స్పేర్ పార్టుల గదిలో కూర్చోబెట్టాడు. ఫోటోలు తీసి బయట ఎవరికో పంపి చదివించుకోవడం మొదలైంది.

నాకు సాయిలు మీద కన్నా ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. పార్టుల గదికి వెళ్ళి నిలదీశాను.

"ఎందుకన్నా గట్ల జెప్పినవ్? నీ పేరంత ఖరాబ్ జేస్కున్నవ్ గద!"

"నన్నేం చేస్తారు చెల్లెమ్మా? నా వీసా మా ఆవిడది. ముదీర్ నన్ను అక్కణ్ణించి ఈ గదిలోకి పంపగలడు, అంతే. వాణ్ణయితే విమానం ఎక్కించేస్తాడండి."

"వదినకు జెప్పినవా అసలు సంగతి?"

ఆయన బేరింగు ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చున్నారు. "నేనే మార్చేశానని చెప్పాను. ఆవిడకు నిజం చెబితే వార్డంతా చెప్పినట్టే. నర్సుల నోట్లో పడిన మాట అల్ ఖూజ్ రావడానికి ఎంతసేపు? మీరు కూడా అనకండి. నా మీద ఒట్టే."

"ఏమన్నది మరి?"

"ఏమంటుందండి? అన్నం వడ్డించి లోపలికెళ్ళిపోయింది."

తర్వాత వచ్చిన క్రిస్మస్ భోజనానికి మేము మళ్ళీ వెళ్ళాం. మాటల్లో ఎవరో నర్సు ఎక్కడో పట్టీలు మారిన సంగతి ఎత్తింది. వదిన గరిటె పట్టుకునే ఆగింది. "నా వార్డులోనే అలా జరిగుంటే ఆ చెయ్యి నేనే విరగ్గొట్టేదాన్ని. అంత అజాగ్రత్త అయితే ఇంట్లో కూర్చోవాలి" అంది. అంటూ మొగుడి వైపు చూసింది. అందరికీ అర్థమైంది, కొందరు నవ్వారు. ఆయన ప్లేటులోకి చూస్తూ "ఆయ్" అన్నారు. నేను నోరు తెరవబోయాను. బల్ల అవతలి నుంచి నా వైపు చూసి, కనబడీ కనబడకుండా తల అడ్డంగా ఊపారు. ఆ రోజు రొయ్యలు ప్లేటులోనే వదిలేశాను.

పోయిన ఏడాది ఎండలు ముదరక ముందు, పొద్దున బస్సుకు తయారవుతూ అద్దం ముందు కూలిపోయారు. గుండె. చేతిలో దువ్వెన అలాగే ఉందట.

ఊరికి పంపే ముందు శవాలకు మందులు పట్టించే చోటు సోనాపూర్‌లో ఉంది. బంధువులూ స్నేహితులూ చివరిచూపు చూసుకునేది అక్కడే. మేమంతా వెళ్ళాం. ముదీర్ కూడా వచ్చాడు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే వదిన ఆగమంది. అక్కడి మనిషిని పిలిచి, "చేతి ట్యాగు చూపించు" అంది. అతను పెట్టెలోని గుడ్డ పక్కకు తీశాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వార్డులో పసిబిడ్డలకు చదివినట్టే ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె పైకి చదివింది. తన చేతిలోని ఆస్పత్రి కాగితం మీదివి కూడా చదివింది.

"కలిసింది" అంది. ఆ మాట ఆయనదని ఆవిడకు తెలుసో లేదో. నేను మాత్రం ఆపుకోలేక ఏడ్చేశాను.

అప్పుడు వెనక నుంచి సాయిలు ముందుకొచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వదినె, ఒక్క మాట. అన్న ట్యాగులు మార్వలే. మార్చింది నేను. నా పని పోతదని ఆయన మీదేస్కున్నడు. పాడుగాను, నేను నోరిప్పక ఊకున్న." అని, ముదీర్ వైపు తిరిగి అదే మాట హిందీలో కూడా చెప్పాడు. ముదీర్ వాడి వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా సాయిలుని ఏమీ అనలేదు. వాడు ఈ రోజుకీ మా దగ్గరే పనిచేస్తున్నాడు.

వదిన నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

తల ఊపాను. "ఒట్టేపిచ్చుకున్నడు వదినా."

ఆవిడ చేతిలోని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత పెట్టె మీదికి వంగింది.

"ఎంత మనిషండీ మీరు! నా దగ్గర కూడానా? అంతమంది ముందు నోటికొచ్చినట్టు అంటుంటే ఆయ్ ఆయ్ అంటూ తింటూ కూర్చున్నారే! ఒక్క మాట... నా ఒక్కదాని చెవిలో అనకూడదా?"

మందులు పట్టించినవాళ్ళు ఆయన పాపిడి ఎడమ నుంచి కుడికి మార్చేశారు. ఆవిడ చేతిసంచి తెరిచి దువ్వెన తీసి, పాపిడి మళ్ళీ ఆయన తీసుకునే వైపుకే తీసింది. చెవుల పక్క జుట్టు సవరించింది. అంతా అయ్యాక నిటారుగా నిలబడి, కళ్ళు తుడుచుకోకుండానే, వార్డులో నేర్చుకున్న హిందీలో ముదీర్‌తో తన మొగుడి గురించి గట్టిగా అంది:

"సాబ్, మేరా ఆద్మీ గల్తీ నహీ కియా. కభీ నహీ కియా. సబ్ కో బోలో."